పడుగులో దాగిన చిత్రం: తేలియా రుమాలు, సమకాలీన కళ

గత సంవత్సరం మా కళాశాల వార్షికోత్సవానికి వేదికను అలంకరించే బాధ్యత నాకు అప్పగించబడినది. మన ప్రాంతపు కళను మన వేదికపై నిలపవలెనను కోరికతో సూర్యాపేటలోని ఒక బట్టల దుకాణానికి వెళ్ళి పోచంపల్లి వస్త్రం కావాలని అడిగితిని. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళతో కనులకు ఇంపైన పన్నెండు గజాల బట్టను, "అసలు పోచంపల్లి" అని నమ్మబలికి, దుకాణదారు కొలిచి ఇచ్చినాడు. ఆ సాయంకాలం వేదిక ముందు నిలిచి, కోదాడ నుండి, మిర్యాలగూడ నుండి వచ్చిన విద్యార్థులకు ఆ వస్త్రపు గొప్పతనాన్ని నేను సగర్వంగా వివరించుచుంటిని. చౌటుప్పల్ ప్రాంతపు నేత కుటుంబం నుండి వచ్చి ఇక్కడ మేనమామ ఇంట ఉండి చదువుకొంటున్న ఒక విద్యార్థి మెల్లగా ముందుకు వచ్చి, బట్ట అంచును వేళ్ళతో తిరగేసి, "సార్, ఇది నేసింది కాదు, అచ్చేసింది. ఎనకకు తిప్పి చూడున్రి" అన్నాడు. చూచితిని. ముందువైపు నెత్తుటి ఎరుపు. వెనుకవైపు వెలిసిన గులాబి.

సిగ్గుపడిన మాట నిజం. అయితే ఆ మరునాడు అధ్యాపకుల గదికి వచ్చి అతడు అన్న మరొక మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. "మీరు దీన్ని కళ అంటున్నరు సార్. మా నాయన కూలి అంటడు."

ఈ వ్యాసం ఆ రెండు వాక్యాలకు నేను వెదకుకొన్న సమాధానం. నేసిన దానికి, అచ్చు వేసిన దానికి భేదం ఎక్కడ ఉన్నది? నేతగాడు కూలి అని పిలిచే పనిని నేటి చిత్రకారులు కళ అని ఎందుకు వెదకి పట్టుకొంటున్నారు? ఆ వెదకులాటలో నేతగానికి దక్కవలసినది దక్కుచున్నదా?

పేరులోని రెండు భాషలు

మన పాత నల్లగొండ జిల్లా వస్త్రకళకు మూలస్తంభం తేలియా రుమాలు. ఈ పేరే ఒక పాఠం. తైలం నుండి వచ్చిన మాట తేలియా. రుమాలు పారసీక పదం; రూ అనగా ముఖం, మాల్ అనగా తుడుచునది. ఇట్లే మచిలీపట్నపు కలంకారీ పేరులోనూ కలం, కారీ అను మాటలు పారసీక ప్రపంచం నుండి వచ్చినవి. గోల్కొండ సుల్తానుల కాలంలో తెలుగు నేతగాడు, అద్దకపువాడు ఇరాన్, అరబ్బు దేశాల అభిరుచి తెలిసి పనిచేసినారు. ఉర్దూ, తెలుగు రెండింటిని ఒకే కప్పు కింద చదువుకొనే మనకు ఇది వింతగా తోచదు. తెలుగువారు పడుగు, పేక అన్నదానినే ఉర్దూవారు తానా, బానా అన్నారు. మనుషులు కలసిమెలసి ఉండుటకు రెండు భాషలూ ఉపమానాన్ని మగ్గం నుండే తెచ్చుకొన్నవి.

తేలియా రుమాలు ఒక గజానికి కొంచెం మించిన చదరపు వస్త్రం. చీరాల ప్రాంతం దీనికి పేరెన్నిక గన్న కేంద్రం. ఎనిమిది రుమాళ్ళు వరుసగా ఒకే థానులో నేసి, బొంబాయి మీదుగా ఏడెన్‌కు, పారసీక సింధుశాఖ రేవులకు, తూర్పు ఆఫ్రికాకు పంపెడివారు. అక్కడ అది తలపాగా. నూనె పీల్చుకొన్న నూలు కనుక తలకు చల్లదనం ఇచ్చుననీ, దుమ్మును ఆపుననీ ఎడారి దేశాలవారు దానిని కోరుకొన్నారు. ఇక్కడ మన చేపలవారికి, పశువుల కాపరులకు అదే లుంగీ, అదే తలగుడ్డ. హైదరాబాదులోని సంపన్న గృహాలలో సన్నని నూలుతో నేసిన రుమాలు స్త్రీల దుపట్టా అయినది.

కొనేవారిని బట్టి నేతగాడు బొమ్మ మార్చుకొన్నాడు. అరబ్బు వర్తకులకై పంపిన రుమాళ్ళలో జీవుల రూపాలు లేవు. చదరాలు, త్రికోణాలు, చుక్కలు, మెట్ల వంటి రేఖలు మాత్రమే. ఇతరులకై నేసిన వాటిలో సింహాలు, ఏనుగులు, చేపలు వచ్చినవి. కాలం మారగా గడియారాలు, విమానాలు కూడ వచ్చి చేరినవి. సంప్రదాయం అనగా మార్పులేనిదని భావించువారు ఈ విమానాన్ని ఒకసారి తలచుకొనవలెను. ఆకాశంలో కొత్తగా కనిపించిన వస్తువును నేతగాడు గళ్ళలోనికి దించుకొన్నాడు. తన కాలాన్ని తన పనిలో చూపువాడు సమకాలీన కళాకారుడు కాక మరెవరు?

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఈ విద్య చీరాల నుండి పోచంపల్లి, పుట్టపాక ప్రాంతాలకు చేరినది. విదేశపు గిరాకీ క్రమంగా తగ్గగా, స్వాతంత్ర్యానంతరం కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి ప్రోత్సాహంతో రుమాలు కొలతలోని బొమ్మ చీర కొలతలోనికి విస్తరించినది. నేడు పోచంపల్లి, పుట్టపాక రెండూ యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నవి. 2016 జిల్లాల విభజనతో సూర్యాపేట వేరు జిల్లా అయినది. కాని హైదరాబాదు, విజయవాడ రహదారిపై చౌటుప్పల్ దాటి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే ప్రయాణికునికి ఈ విభజన కనిపించదు. ఆ దారి పొడవునా ఒకే పనితనపు ఊళ్ళు, ఒకే విధమైన దుకాణాలు, దురదృష్టవశాత్తు ఒకే విధమైన నకిలీలు.

నూనె, బూడిద, ఎరుపు

పత్తినూలుకు చక్కని ఎరుపు అంత సులభంగా పట్టదు. ఇంటిలో ఎర్రబట్ట ఉతికినవారికి ఈ సంగతి తెలియును. తేలియా రుమాలు రహస్యం ఈ కష్టాన్ని జయించిన తీరులో ఉన్నది.

ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి తేర్చినచో క్షారజలం వచ్చును. దానిలో నూనె కలిపితే పాలవంటి ద్రవం ఏర్పడును. నూలు చిలపలను అందులో ముంచి, చేతులతో పిసికి, ఎండలో ఆరబెట్టి, మరల ముంచి, మరల పిసికి, మరల ఆరవేయుదురు. ఇట్లు దాదాపు మూడు వారాలు సాగును. నూనె నారలోనికి దిగి, ఎండకు, గాలికి మార్పుచెంది, రంగును పట్టి ఉంచే గుణాన్ని నూలుకు ఇచ్చును. ఆ తరువాత పటిక పట్టించిన చోట ఎరుపు పండును. ఇనుప లవణం తగిలిన చోట అదే రంగుపదార్థం నలుపుగానో, చిక్కని గోధుమ వన్నెగానో మారును. ఏమీ తగలని చోట తెలుపు నిలుచును. ఆ మూడు వన్నెలే తేలియా రుమాలు.

పూర్వం ఈ ఎరుపు చిరివేరు వంటి వేళ్ళ నుండి వచ్చెడిది. ఆ వర్గపు ఎరుపు వేళ్ళలో ప్రసిద్ధమైన మంజిష్ఠజాతి మొక్కలోని రంగుపదార్థానికి అలిజరిన్ అని పేరు. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మన్ అను ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. త్వరలోనే కర్మాగారపు పొడి మన రంగు కాగులలోనికి వచ్చినది. వేరు పోయినది, నూనె, బూడిద, ఎండ మాత్రం నిలిచినవి. పదార్థం మారినను ప్రక్రియ నిలిచినచో విద్య బ్రతుకునని ఇందువలన తెలియుచున్నది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక; ముందు దీనితో పని ఉన్నది.

నేయకముందే పుట్టే చిత్రం

పోచంపల్లి నేతవారు తమ పనిని చిటికి అందురు. ప్రపంచం దానిని ఇకత్ అను మలయ భాషాపదంతో పిలుచుచున్నది. కట్టుట అని దాని అర్థం. మామూలుగా చిత్రకారుడు సిద్ధమైన బట్టపై బొమ్మ వేయును. అద్దకపువాడు సిద్ధమైన బట్టపై అచ్చు వేయును. చిటికిలో బట్ట ఇంకా పుట్టలేదు. నూలును ఆసుపై కొలత ప్రకారం చుట్టి, బొమ్మ రావలసిన చోట్ల గుర్తులు పెట్టి, రంగు తగలకూడని భాగాలను సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కట్టుదురు. రంగులో ముంచుదురు. కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, రెండవ రంగులో ముంచుదురు. అన్ని కట్లూ విప్పిన తరువాత ఆ నూలును చూచినవానికి అక్కడక్కడ రంగుమచ్చలు తప్ప మరేమీ కనిపించవు. చిత్రం ఉన్నది, అది నేతగాని లెక్కలో ఉన్నది.

పడుగు మాత్రమే, లేక పేక మాత్రమే ఇట్లు కట్టి నేసినచో అది ఒంటి ఇకత్. రెండింటినీ వేరువేరుగా కట్టి, రంగువేసి, మగ్గంపై ఎరుపు మీదికి ఎరుపు, తెలుపు మీదికి తెలుపు సరిగా వచ్చునట్లు కూర్చినచో అది జంట ఇకత్. తేలియా రుమాలు ఈ రెండవ తెగకు చెందినది. గుజరాత్‌లోని పాటన్ పటోలా, ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో తెంగనన్ అను ఊరి నేత, జపాన్‌లోని కొన్ని చోట్ల నేత, మన తేలియా రుమాలు. ప్రపంచమంతటా జంట ఇకత్‌కు పేరుపొందిన స్థలాలు ఇట్లు వ్రేళ్ళపై లెక్కించదగినవి. అందొకటి మన బస్సుదారిలో ఉన్నది.

నా విద్యార్థి బట్టను తిరగేసి చూచినది ఇందుకే. నూలే రంగును మోయుచున్నది కనుక నిజమైన చిటికి వస్త్రానికి ముందు, వెనుక అను భేదం ఉండదు. రంగు కలియు చోట గీత కత్తితో కోసినట్లు ఉండదు. కనురెప్పల వెంట్రుకల వలె నూలు దారినే కొంచెం చెదరి ఉండును. ఇంకను అనుమానమున్నచో అంచు నుండి ఒక నూలుపోగును లాగి చూడవలెను. చిటికి పోగుపై ఎరుపు కొంతదూరం నిండుగా సాగి, తెలుపు కొంతదూరం నిండుగా సాగును. అచ్చు బట్ట పోగుపై, మరొక పోగు అడ్డుపడిన ప్రతిచోటా రంగు తగలని తెల్ల చుక్కలు కనిపించును. ఈ పరీక్షను కళాశాలలో ఇన్నేళ్ళు చదువు చెప్పిన నేను ఒక విద్యార్థి వద్ద నేర్చుకొంటిని.

సముద్రాల ఆవల

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. బాలి ద్వీపపు తెంగనన్ గ్రామంలో గెరింసింగ్ అను జంట ఇకత్ నేయుదురు. అక్కడివారు కూడ నూలును గింజల నూనెలో, బూడిద నీటిలో నానబెట్టుదురు. వారి ఎరుపు తొగరు జాతి చెట్టు వేరు నుండి వచ్చును. తొగరు అను మాటకే తెలుగులో ఎరుపు అని అర్థం. మన ఊళ్ళలో ఆముదపు పొట్టు బూడిద చేసిన పనిని, వేలాది మైళ్ళ దూరంలో మరొక బూడిద చేయుచున్నది.

ఫిలిప్పీన్స్ దేశపు దక్షిణ ద్వీపమైన మిండనావోలో, సెబు సరస్సు పరిసరాలలో త్బోలి అను తెగవారు ఉన్నారు. వారి స్త్రీలు అబాకా అను ఒక అరటిజాతి మొక్క నారను వెంట్రుకల వలె సన్నగా చీల్చి, ముడివేసి, కట్టి, రంగువేసి త్నాలక్ అను వస్త్రాన్ని నేయుదురు. అదియును ఇకతే. నలుపు ఒక చెట్టు ఆకుల నుండి, ఎరుపు మరల తొగరుజాతి వేరు నుండి. నేసిన వస్త్రాన్ని గవ్వతో రుద్ది మెరుగుపెట్టుదురు. బొమ్మలు కలలో కనిపించునని వారి విశ్వాసం. మగ్గంపై ఉన్న వస్త్రాన్ని దాటి నడువరాదని వారి ఆచారం. కాగితంపై నమూనా ఉండదు. లాంగ్ దులాయ్ అను నేతగత్తె సుమారు నూరు నమూనాలను జ్ఞాపకంలోనే దాచుకొన్నదని ప్రసిద్ధి.

ఆ దేశంలోనే సులు ద్వీపాలలో తౌసుగ్ ముస్లింలు ఉన్నారు. వారి పురుషులు ధరించు చదరపు తలగుడ్డకు పిస్ స్యాబిత్ అని పేరు. దాని పనితనం ఇకత్ కాదు. రంగురంగుల పోగులను చేతితో ఒక్కొక్కటిగా అల్లుకొంటూ పోవు నేత. కాని జీవరూపాలు లేని ఆ చదరాలు, త్రికోణాలు చూచినచో మన రుమాలుకు దూరపు చుట్టమనిపించును. తలపై ధరించు చదరపు గుడ్డలో రేఖాగణితాన్ని పండించుట రెండు ముస్లిం ప్రపంచాలకూ నచ్చినది.

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 1992లో ఒక చట్టం చేసి, సంప్రదాయ విద్యలలో అత్యున్నత నైపుణ్యం గలవారిని జాతి యొక్క సజీవ సంపదగా గుర్తించు ఏర్పాటు చేసినది. 2015లో మరణించిన లాంగ్ దులాయ్‌కి 1998లోను, పిస్ స్యాబిత్ నేతలో మేటియైన దర్హాతా సవాబీకి 2004లోను ఆ గౌరవం లభించినది. ఆ గౌరవంతో పాటు నెలనెలా భృతి ఉండును. తమ విద్యను చిన్నవారికి నేర్పవలెనను బాధ్యతయు ఉండును. శాలువ కప్పి పంపుటతో పని ముగియదు. మన దేశంలో పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనకు 2011లోను, గజం అంజయ్యకు 2013లోను పద్మశ్రీ లభించినవి. ఇది మనకు గర్వకారణం. నేతగాడైన కబీరు పేరిట చేనేతకు ప్రత్యేక పురస్కారం కూడ ఉన్నది. అయితే పద్మ పురస్కారానికి ధనం జతపడదు. నేర్పవలెనను కట్టుబాటూ, నేర్పుటకు భృతీ లేవు. ఆ తేడాను మనం గమనించవలెను.

చిత్రకారులు నేతగాని చెంతకు

చిరకాలం కళ, చేతిపని అను రెండు గదుల మధ్య గోడ ఉండెడిది. గోడకు వ్రేలాడేది కళ. ఒంటికి కట్టుకొనేది చేతిపని. కళకు సంతకం ఉండును. చేతిపనికి ధర మాత్రమే. ఈ గోడను మన దేశంలో తొలచినవారిలో కె.జి. సుబ్రహ్మణ్యన్ ముఖ్యుడు. ఆయన చిత్రకారుడై ఉండియు 1959 నుండి 1961 వరకు చేనేత బోర్డులో పనిచేసినాడు. 1963లో లక్నోలోని రవీంద్రాలయం గోడపై మట్టి పలకలతో బృహత్తరమైన కుడ్యచిత్రం నిర్మించినాడు. 1956లో పుపుల్ జయకర్ పూనికతో ఆరంభమైన చేనేత సేవా కేంద్రాలలో ప్రభాకర్ బర్వే, అంబాదాస్ వంటి ఆధునిక చిత్రకారులు ఉద్యోగులై నేతగాళ్ళ నడుమ పనిచేసిరి. వారు నేతవారికి నమూనాలు ఇచ్చిరి. నేతవారి నుండి తీసుకొన్నది తక్కువేమీ కాదు.

బరోడాలో సుబ్రహ్మణ్యన్ శిష్యులైనవారిలో మన తెలంగాణకు చెందిన కె. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం ఉన్నారు. లక్ష్మాగౌడ్ చెక్కడపు ముద్రలతో ఆగక కాల్చిన మట్టిలోను, అద్దం వెనుక చిత్రించు పద్ధతిలోను పనిచేసినాడు. అదే గురువు శిష్యురాలైన మృణాళినీ ముఖర్జీ జనపనార తాళ్ళను రంగులద్ది, ముడులు వేసి, మనిషి ఎత్తును మించిన శిల్పాలు నిర్మించినది. రాయి లేదు, కంచు లేదు; పల్లెటూరి తాడు, చేతి ముడి. 2015లో ఆమె మరణించునాటికి ఆ శిల్పాలకు ప్రపంచఖ్యాతి వచ్చినది.

తెలుగు అద్దకపు విద్యను నేరుగా సమకాలీన కళలోనికి తెచ్చినవారిలో 1977లో హైదరాబాదులో పుట్టి బరోడాలో స్థిరపడిన లావణ్య మణి పేర్కొనదగినది. ఆమె కలంకారీ ప్రక్రియను, సహజ వర్ణాలను ఉపయోగించి పెద్ద వస్త్రచిత్రాలు రచించుచున్నది. ఆమె ఎన్నుకొన్న విషయాలలో వలస పాలన, వస్త్ర వాణిజ్యం ముఖ్యమైనవి. ఏ వస్త్రాల కొరకు ఐరోపా ఓడలు మన తీరానికి వచ్చినవో ఆ వస్త్రపు భాషలోనే ఆ ఓడల కథ చెప్పుట ఇందలి విశేషం. ఇక్కడ సాంకేతిక విద్య అలంకారంగా రాలేదు, అర్థంగా వచ్చినది.

ఫిలిప్పీన్స్‌లో పుట్టిన పాసితా అబాద్ కూడ ఇటువంటి మార్గం తొక్కినది. 1946 నుండి 2004 వరకు జీవించిన ఆమె అనేక దేశాలు తిరిగి, అక్కడి కుట్టుపనులను గమనించి, చిత్రించిన గుడ్డకు లోపల దూది కూరి, పైన గవ్వలు, అద్దాలు, బొత్తాలు కుట్టి తన చిత్రాలను నిర్మించినది. ఆమె బ్రతికి ఉండగా అది చేతిపని అని తీసివేసినవారు ఉన్నారు. 2023లో అమెరికాలోని మినియాపొలిస్ నగరపు వాకర్ ఆర్ట్ సెంటర్‌లో ఆమె జీవితకృషి అంతటితో ఒక ప్రదర్శన ఆరంభమైనది.

ఇంకొక పేరు చెప్పక ఈ భాగాన్ని ముగించుట న్యాయం కాదు. హైదరాబాదులో సురయ్యా హసన్ బోస్ 1928 నుండి 2021 వరకు జీవించినది. అంతరించుచున్న హిమ్రూ, మష్రూ నేతలను పునరుద్ధరించుటకును, ఇకత్‌ను దేశవిదేశాలకు చేర్చుటకును ఆమె జీవితాన్ని వెచ్చించినది. తన నేతశాలలో భర్తలను కోల్పోయిన స్త్రీలకు మగ్గం నేర్పినది. పిల్లలకు పాఠశాల నడిపినది. ఆమె తనను కళాకారిణి అని చెప్పుకొన్నదో లేదో గాని, కళ నిలుచుటకు ఏమేమి కావలెనో ఆమె చేసి చూపినది: నేర్చుకొనే చేయి, నేర్పే గురువు, నెల తిరిగేసరికి జీతం.

యంత్రము, అచ్చు

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. కాలంతో పాటు పోవలసినదే కదా, యంత్రాన్ని ఎందుకు ద్వేషించవలెను అని కొందరు అడుగుదురు. మంచి ప్రశ్న. దీనికి సమాధానం మన పక్కనే ఉన్నది.

చిటికి పనిలో ఆసు పోయుట మిక్కిలి శ్రమతో కూడినది. అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల మీదుగా నూలును చేతితో అటునిటు త్రిప్పుచుండవలెను. ఒక్క చీరకు దాదాపు 9,000 మారులు చేయి కదలవలెను. ఈ పని ఎక్కువగా ఇంటి స్త్రీలదే. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రాన్ని రూపొందించినాడు. గంటల పని చాలవరకు తగ్గినది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 2019లో ఆయన కథ చలనచిత్రమైనది.

ఈ యంత్రం ఏమి తీసివేసినది? నొప్పిని. ఏమి మిగిల్చినది? లెక్కను, కట్టును, రంగును, నేతను. అనగా విద్యను యథాతథంగా ఉంచి దాని శిక్షను తగ్గించినది. అచ్చుయంత్రం ఇందుకు విరుద్ధంగా చేసినది. అది కంటికి కనిపించే బొమ్మను మాత్రం తీసుకొని, బొమ్మ వెనుకనున్న నూనెను, బూడిదను, లెక్కను, చేతిని అన్నింటినీ పారవేసినది. మొదటిది వేరు పోయినను ప్రక్రియ నిలిచిన అలిజరిన్ వంటి మార్పు. రెండవది మార్పు కాదు, తుడిచివేత. యంత్రమా, చేయా అను ప్రశ్న కంటే, విద్య మిగిలినదా లేదా అను ప్రశ్న ముఖ్యమైనది.

చట్టాలు లేకపోలేదు. 1985 నాటి చేనేత ప్రత్యేకింపు చట్టం కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించినది. మొదట 22గా ఉన్న ఆ రకాలు తరువాత 11కు తగ్గినవి. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చినది. దాని కింద పోచంపల్లి ఇకత్‌కు తొలినాళ్ళలోనే గుర్తింపు దక్కగా, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో లభించినది. అయితే ఈ గుర్తింపు కాపాడునది పేరును. పోచంపల్లి అని చెప్పి అమ్ముట నేరమగును గాని, అవే గళ్ళను అచ్చు వేసి వేరొక పేరుతో అమ్మువానిని అది ఆపజాలదు. అక్కడ కాపలా కాయవలసినది కొనేవాని కన్ను. నా కన్ను ఎట్లు మోసపోయినదో ఇదివరకే చెప్పితిని.

కళయా? కూలియా?

సూర్యాపేటకు సమీపంలోని ఫణిగిరి కొండపై బౌద్ధకాలపు సున్నపురాతి శిల్పాలు ఉన్నవి. 2023లో వాటిలో కొన్ని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలకు వెళ్ళి ప్రపంచాన్ని అబ్బురపరచినవి. రాయి పదునారు వందల ఏళ్ళకు పైగా మట్టిలో పడి ఉన్నను, తవ్వి తీసిననాడు మాట్లాడును. నూలుకు ఆ భాగ్యం లేదు. బట్ట చివుకును. తేలియా రుమాలును నేలలో పాతిపెట్టి రాబోవు తరాలకు అప్పగించలేము. అది ఒక చేతి నుండి మరొక చేతికి మాత్రమే పోగలదు. నడుమ ఒక్క తరం చేయి చాచకున్నచో తవ్వుటకు ఏమీ మిగలదు.

ఆ చేయి చాచవలసిన తరం నా తరగతి గదిలో కూర్చున్నది. దాని తండ్రి ఆ పనిని కూలి అంటున్నాడు. ఆ తండ్రిని తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు. మూడు వారాలు నూలు పిసికి, లెక్కపెట్టి కట్టి, రోజంతా గుంట మగ్గంలో కూర్చున్నవానికి, అతని శ్రమను పోలిన అచ్చుబట్ట పక్క కొట్టులో కొద్దిపాటి వెలకు దొరకునప్పుడు, కళ అను మాట వలన కడుపు నిండదు. కళ అని మనం పొగడి, కూలి ధర చెల్లించినచో ఆ పొగడ్త ఒక విధమైన మోసం. చిత్రశాలలో వ్రేలాడు వస్త్రం కింద చిత్రకారుని పేరు ఉండి, దానిని నేసినవాని పేరు లేనిచో ఆ గోడ ఇంకా కూలలేదన్నమాటే.

కనుక నా విద్యార్థికి నేను ఇచ్చుకొన్న సమాధానం ఇది. అది కళయే, దానిలో గణితమున్నది, రసాయన శాస్త్రమున్నది, చూపున్నది, కాలమున్నది. అది కూలి కూడ. దానితో ఒక ఇల్లు నడవవలెను. ఈ రెండు మాటలకు శత్రుత్వం ఉండనవసరం లేదు. మొదటి మాట రెండవదానిని పెంచవలెను. నేతగాని పేరు, నేతగాని వెల, నేతగాని వద్ద నేర్చుకొనేవానికి భృతి. ఈ మూడూ కలిసిననాడు ఆ తండ్రి నోట కూలి అను మాటకు అర్థం మారును.

విద్యార్థి మిత్రులకు రెండు విన్నపాలు. బట్ట కొన్నప్పుడు తిరగేసి చూడుడు; ఒక పోగు లాగి చూడుడు. రెండవది భాషాధ్యాపకునిగా నా స్వార్థం. ఆసు, చిటికి, కండె, నాడె, పడుగు, పేక, తానా, బానా; ఈ మాటలు మన నిఘంటువులలో ఉన్నను, వాటిని వాడు చేతులు తగ్గుచున్నవి. మీ ఇళ్ళలో, మీ వాడలలో మగ్గం తెలిసిన పెద్దలు ఉన్నచో వారి వద్ద కూర్చుండి, ఒక్కొక్క మాటను దాని పనితో సహా తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి తెండు. మన కళాశాల పత్రికలో వాటికి చోటుండును. చెప్పినవారి పేరుతో సహా అచ్చు వేయుదము.

ఈ సంవత్సరపు వార్షికోత్సవ వేదికకు బట్ట తెచ్చుటకు నేను ఒంటరిగా పోవుట లేదు. ఆ విద్యార్థిని వెంటబెట్టుకొని అతని ఊరికే పోవుచున్నాను. పన్నెండు గజాలకు మా వద్దనున్న సొమ్ము చాలదని అతడు ముందే చెప్పినాడు. నాలుగు గజాలు తెత్తుము. వేదిక కొంత బోసిగా ఉండవచ్చును. దానిని నేసినవారి పేరు మాత్రం పక్కన వ్రాసి ఉండును.